పుస్తకం దారిలో ఉండగా మారే సాఫ్ట్‌వేర్: ఉమ్మడి కేటలాగులు, అరువు వ్యవస్థల అప్‌డేట్ల వెనుక కథ

ఒక గ్రంథాలయంలో లేని పుస్తకాన్ని మరో గ్రంథాలయం నుంచి తెప్పించి పాఠకుడికి ఇచ్చే ఏర్పాటు బయటినుంచి చూస్తే సాదాగానే ఉంటుంది. పాఠకుడు కౌంటరు దగ్గర అడుగుతాడు, కొన్ని రోజులకు పుస్తకం వస్తుంది, చదివి తిరిగి ఇచ్చేస్తాడు. ఆ కొద్ది రోజుల్లో ఆ పుస్తకం కనీసం రెండు, చాలాసార్లు నాలుగు వేర్వేరు సాఫ్ట్‌వేర్ వ్యవస్థల గుండా నడుస్తుంది. పుస్తకం ఎవరి దగ్గర ఉందో చెప్పే ఉమ్మడి కేటలాగు ఒకటి, అభ్యర్థనను అటూ ఇటూ మోసే ఇంటర్ లైబ్రరీ లోన్ వ్యవస్థ ఒకటి, ఇచ్చే గ్రంథాలయపు సర్క్యులేషన్ (ఏ పుస్తకం ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు తిరిగి వచ్చిందో లెక్క ఉంచే వ్యవస్థ) ఒకటి, పుచ్చుకునే గ్రంథాలయపు సర్క్యులేషన్ ఇంకొకటి. వీటిని తయారుచేసినవారు వేరు, నడిపేవారు వేరు, అప్‌డేట్ చేసే తేదీలు వేరు. అయినా పాఠకుడి దృష్టిలో అది ఒకే పని, ఒకే పుస్తకం.

అందువల్లే ఈ వ్యవస్థల అప్‌డేట్లను మామూలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లలాగా చూడడం కుదరదు. ఇక్కడ మూడు రకాల ఆయుర్దాయాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వెర్షను నెలల లెక్కన బతుకుతుంది. ఒక అరువు వారాల లెక్కన బతుకుతుంది. కేటలాగు రికార్డు మాత్రం దశాబ్దాలపాటు ఉంటుంది. దాన్ని మొదట రాసిన ఉద్యోగి, అప్పటి యంత్రం, అప్పటి సాఫ్ట్‌వేర్ ఏవీ మిగలకపోయినా రికార్డు మిగులుతుంది. కొత్త వెర్షను వేసే రాత్రి కొన్ని గంటల్లో ముగుస్తుంది గానీ, ఆ రాత్రికి ముందు మొదలైన అరువులు, అంతకు ఎంతో ముందు రాసిన రికార్డులు కొత్త వెర్షను చేతుల్లోనే తమ పని పూర్తిచేసుకోవాలి. అప్‌డేట్ బాగా జరిగిందా లేదా అన్నది సర్వరు మళ్లీ లేచిందా అన్నదానికంటే, దారిలో ఉన్నవి క్షేమంగా గమ్యం చేరాయా అన్నదాన్నిబట్టి తేల్చడమే సరైన పద్ధతి.

రికార్డుల సంగతి ముందు చూడాలి, ఎందుకంటే చిక్కులన్నిటికీ మూలం అక్కడే ఉంది. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రామ్ నాయకత్వంలో మార్క్ అనే రికార్డు నమూనా రూపొందింది. కేటలాగు కార్డు మీది వివరాలను యంత్రం చదవగలిగేలా ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకు ఒక సంఖ్య ఇవ్వడం అందులోని కీలకం: 245 అంటే శీర్షిక, 020 అంటే ఐఎస్‌బీఎన్ అనే పుస్తకపు గుర్తింపు సంఖ్య, 100 అంటే రచయిత పేరు. ఒహాయో రాష్ట్రంలోని కళాశాలలు, విశ్వవిద్యాలయాలు కలిసి 1967లో ఓసీఎల్‌సీ అనే సంస్థను స్థాపించుకున్నాయి. 1971 ఆగస్టు 26న ఒహాయో విశ్వవిద్యాలయంలోని ఆల్డెన్ గ్రంథాలయం ఆ ఉమ్మడి వ్యవస్థలో ఆన్‌లైన్ కేటలాగింగు ప్రారంభించి, తొలిరోజు 133 పుస్తకాలను చేర్చింది. ఒకరు రాసిన రికార్డును మిగతావారంతా వాడుకోవచ్చన్న ఆ ఆలోచనే ఉమ్మడి కేటలాగుకు పునాది. 1979లో అదే వేదిక మీద గ్రంథాలయాల మధ్య అరువు సేవ కూడా మొదలైంది. పుస్తకం ఎక్కడుందో ఉమ్మడి కేటలాగులో కనిపిస్తున్నప్పుడు, అక్కడినుంచే అడగడం సహజమైన తర్వాతి మెట్టు.

మార్క్ రికార్డు టేపుల కాలంలో పుట్టింది కాబట్టి దాని కొలతలన్నీ ముందే బిగించి ఉంటాయి. రికార్డు మొదట్లో దాని మొత్తం పొడవు ఐదు అంకెల్లో ఉంటుంది. అంటే ఏ రికార్డూ 99,999 బైట్లు దాటకూడదు. ఆ వెంటనే వచ్చే డైరెక్టరీలో ఒక్కో ఫీల్డుకు, అంటే సంఖ్య ఉన్న ఒక్కో ముక్కకు, పన్నెండు స్థానాలు కేటాయిస్తారు: మూడు ఫీల్డు సంఖ్యకు, నాలుగు దాని పొడవుకు, ఐదు అది ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి. నాలుగు అంకెల్లో పట్టే పొడవు 9,999 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు శీర్షికలకు ఇది ఎంతో విశాలమైన గది. తెలుగు శీర్షికల విషయంలో లెక్క మారుతుంది. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడు అక్షరాలు. ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తే ఆరు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. అదే మాటను రోమన్ లిపిలో రాస్తే ఆరు బైట్లతో సరిపోతుంది. విషయసూచికను ఎక్కించే 505 ఫీల్డులో ఒక పెద్ద సంకలనంలోని వ్యాసాల పేర్లన్నీ తెలుగులో రాస్తే ఈ హద్దు ఎంత దగ్గరగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఉమ్మడి కేటలాగులో ఈ హద్దు మరో దారిలో కూడా ఎదురవుతుంది. అనేక గ్రంథాలయాల దగ్గరున్న ప్రతుల వివరాలను ఒకే రికార్డుకు జతచేసి ఎగుమతి చేసే వ్యవస్థల్లో, బాగా వాడుకలో ఉన్న పుస్తకపు రికార్డు ప్రతుల జాబితాతోనే 99,999 బైట్లను దాటిపోవచ్చు. దాటిన రికార్డును కొన్ని సాఫ్ట్‌వేర్లు తిరస్కరిస్తాయి, కొన్ని చడీచప్పుడు లేకుండా కత్తిరిస్తాయి. రెండింటిలో రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే తిరస్కరించిన రికార్డు లాగ్‌లో కనిపిస్తుంది, కత్తిరించిన రికార్డు ఎక్కడా కనిపించదు. అందుకే చాలా వ్యవస్థలు లోపల రికార్డును ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో దాచుకుని, పాత రూపాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి మాత్రమే వాడతాయి. ఒక సభ్య గ్రంథాలయం కొత్త వెర్షనుతో ఈ మార్పు చేసుకుని, మరొకటి చేసుకోకపోతే, ఒకవైపు నిండుగా ఉన్న రికార్డు రెండోవైపు తెగిపోయి చేరుతుంది.

లిపి విషయం ఇంకాస్త లోతైనది. మార్క్ కోసం మొదట వాడిన మార్క్-8 అనే అక్షర సంకేతావళిలో లాటిన్, గ్రీకు, సిరిలిక్, హీబ్రూ, అరబిక్ లిపులకు, తూర్పు ఆసియా భాషల లిపులకు చోటుంది గానీ తెలుగుకు లేదు. ఆ కాలంలో ఉమ్మడి కేటలాగుల్లో చేరిన తెలుగు పుస్తకాలు రోమన్ లిప్యంతరీకరణతోనే చేరాయి. యూనికోడ్‌కు మారడమంటే రికార్డు శిరస్సులో తొమ్మిదో స్థానంలో ఒక చిన్న గుర్తును మార్చడం, దానితోపాటు లోపలి బైట్లన్నిటినీ మార్చడం. గుర్తు మారి బైట్లు మారకపోయినా, బైట్లు మారి గుర్తు మారకపోయినా, అవతలి వ్యవస్థకు అందేది అర్థంకాని అక్షరాల ముద్ద. పాత రికార్డుల్లోని లిప్యంతరీకరణ అలాగే ఉండగా, అసలు లిపిలోని శీర్షికను 880 ఫీల్డులో జతచేసే పద్ధతి ఉంది. అప్‌డేట్‌లో ఆ 880ని ఇండెక్సులో (వెతుకులాటకు ఆధారమైన పట్టికలో) చేర్చే సెట్టింగు చెరిగిపోతే, పుస్తకం అల్మారాలో ఉంటుంది, రికార్డు డేటాబేసులో ఉంటుంది, తెలుగులో వెతికే పాఠకుడికి మాత్రం దొరకదు.

కనిపించకుండా ఇబ్బంది పెట్టే మరో రెండు సంగతులు తెలుగు రికార్డులతో పనిచేసేవారు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి ఐత్వం. ‘వైద్యం’ అనే మాటలోని ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వపు గుర్తుకు మరో చిన్న గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇండెక్సు తయారుచేసే భాగం రెండింటినీ ఒకే రూపానికి తెచ్చాకే పోల్చితే చిక్కు లేదు. తేకుండా పోల్చితే అవి రెండు వేర్వేరు మాటలు. రెండోది ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరానికి ఒత్తుగా అంటుకోకుండా అడ్డుపడే, కంటికి కనిపించని సంకేతం. ఒక కీబోర్డు దాన్ని చేరుస్తుంది, మరొకటి చేర్చదు. కేటలాగరు ఒకలా రాసి పాఠకుడు ఇంకొకలా టైపు చేసినప్పుడు ఇద్దరినీ కలపాల్సిన బాధ్యత ఇండెక్సుదే. ఈ నియమాలు సాధారణంగా ఒక సెట్టింగు ఫైలులో ఉంటాయి. కొత్త వెర్షను తన సొంత డిఫాల్టు ఫైలును పాతదాని మీద పరిచేస్తే, ఏళ్ల తరబడి సరిచేసుకుంటూ వచ్చిన ఏర్పాటు ఒక్క రాత్రిలో పోతుంది. అప్‌డేట్ తర్వాత ఇండెక్సు మొత్తం మళ్లీ నిర్మించాక, ఐత్వం ఉన్న శీర్షిక ఒకటి, పొల్లు ఉన్న అన్యదేశ్యం ఒకటి వెతికి చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఈ రెండు నిమిషాల పని చాలా పరీక్షా పత్రాల్లో ఉండదు, ఉండి తీరాలి.

రికార్డులను గుర్తుపట్టే సంఖ్యల్లో వచ్చిన మార్పులు ఉమ్మడి వ్యవస్థలను ఒకటికి రెండుసార్లు కుదిపాయి. 2007 జనవరి 1 నుంచి ఐఎస్‌బీఎన్ పది అంకెల నుంచి పదమూడు అంకెలకు మారింది. పది అంకెల సంఖ్యలో చివరి తనిఖీ అంకె పదకొండుతో భాగించే లెక్కమీద వస్తుంది, అందుకే అక్కడ ఒక్కోసారి ఎక్స్ అనే అక్షరం కనిపిస్తుంది. పదమూడు అంకెలదానిలో అది పదితో భాగించే లెక్క. కనుక పాత సంఖ్య ముందు 978 తగిలిస్తే సరిపోదు, చివరి అంకెను కొత్తగా లెక్కకట్టాలి. పైగా 979తో మొదలయ్యే సంఖ్యలకు పది అంకెల రూపమే లేదు. ఉమ్మడి కేటలాగు ఒకే పుస్తకపు రెండు రికార్డులను ఐఎస్‌బీఎన్ ఆధారంగా కలుపుతుంది కాబట్టి, ఒక సభ్యుడి సాఫ్ట్‌వేర్ కొత్త సంఖ్యనే పంపి, మరొకరిది పాతదాన్నే పోల్చితే, ఒకే పుస్తకానికి రెండు రికార్డులు పుడతాయి. అభ్యర్థన ఒక రికార్డుకు వెళుతుంది, ఖాళీగా ఉన్న ప్రతి రెండో రికార్డు కింద ఉంటుంది. ఓసీఎల్‌సీ సొంత రికార్డు సంఖ్యలదీ ఇదే కథ: ఎనిమిది అంకెలవాటికి ఓసీఎమ్ అని, తొమ్మిది అంకెలవాటికి ఓసీఎన్ అని, పది అంతకంటే ఎక్కువ అంకెలవాటికి ఓఎన్ అని ముందు అక్షరాలు మారుతూ వచ్చాయి. మొదటి మూడు అక్షరాలు, ఆ పైన ఎనిమిది అంకెలు అని కళ్లు మూసుకుని కత్తిరించే పాత స్క్రిప్టులు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో ప్రతిసారీ వెతికి పట్టుకోవలసి వచ్చింది.

నిజానికి ఈ రంగంలో బాగా పేరున్న రెండు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లకు నేపథ్యం అంకెల వెడల్పే, అంటే ఏడాదిని రెండంకెల్లోనే దాచుకున్న పాత అలవాటే. న్యూజిలాండ్‌లోని హొరొఫెనువా గ్రంథాలయ ట్రస్టు వాడుతున్న పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదని తేలడంతో, ఆ ట్రస్టు కోసం కోహా తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. అమెరికాలో జార్జియా రాష్ట్రపు ప్రజా గ్రంథాలయాల ఉమ్మడి వ్యవస్థ పైన్స్ కూడా అదే తేదీల సమస్యను ఎదుర్కొనే ప్రయత్నంలోనే పుట్టింది; తమ పరిమాణానికి సరిపడే సాఫ్ట్‌వేర్ బజారులో దొరక్కపోవడంతో వారు ఎవర్‌గ్రీన్‌ను సొంతంగా రాయించుకుని 2006 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చారు.

నియమాల మార్పు కూడా సాఫ్ట్‌వేర్ మార్పే, ఆ సంగతి తరచూ ఆలస్యంగా గుర్తుకొస్తుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 మార్చి 31 నుంచి ఆర్‌డీఏ అనే కొత్త కేటలాగింగు నియమావళిని పూర్తిగా అమలు చేసింది. అంతకుముందు ఈ-పుస్తకపు రికార్డులో శీర్షిక పక్కనే అది ఎలక్ట్రానిక్ వనరు అని చదరపు కుండలీకరణాల్లో ఉండేది. కొత్త నియమాల్లో ఆ మాట తీసేసి, ఆ వివరాన్ని 336, 337, 338 అనే మూడు కొత్త ఫీల్డుల్లోకి మార్చారు. ఆ ఫీల్డులను చూపించడం నేర్చుకోని పాత సాఫ్ట్‌వేర్‌లో ఈ-పుస్తకం, అచ్చు పుస్తకం ఒకేలా కనిపిస్తాయి. పాఠకుడు అచ్చు పుస్తకమే అనుకుని అరువు అడుగుతాడు, అవతలి గ్రంథాలయం లైసెన్సు ఒప్పుకోదని తిప్పి పంపుతుంది. పొరపాటు ఎవరిదీ కాదు. రికార్డు రాసినవారు కొత్త నియమాన్ని పాటించారు, చూపించేవారు పాత వెర్షనులో ఉండిపోయారు, మధ్యలో పాఠకుడి వారం రోజులు పోయాయి.

ఉమ్మడి రికార్డు మెరుగైనప్పుడల్లా దాన్ని సభ్యుల స్థానిక రికార్డు మీద పరచడం ఇంకో నిత్యకృత్యం. ఇది మంచి ఏర్పాటే. కానీ స్థానిక రికార్డులో ఆ గ్రంథాలయానికి మాత్రమే చెందిన సమాచారం ఉంటుంది: ఈ ప్రతి మీద రచయిత సంతకం ఉందనో, ఫలానావారు బహూకరించారనో, చివరి రెండు పుటలు లేవనో 590 ఫీల్డులో రాసిన మాటలు. మార్క్‌లో తొమ్మిదితో మొదలయ్యే ఫీల్డులు, మధ్యలో తొమ్మిది ఉన్న ఫీల్డులు స్థానిక వాడకానికి వదిలిపెట్టినవి. వాటిని ముట్టుకోవద్దని చెప్పే రక్షణ నియమం ప్రతి వ్యవస్థలోనూ ఉంటుంది. ఆ నియమాన్ని అప్‌డేట్ తర్వాత ఒకసారి సరిచూసుకోకుండా రాత్రిపూట రికార్డుల దిగుమతిని మళ్లీ మొదలుపెట్టడం దుస్సాహసం. చివరి రెండు పుటలు లేవన్న మాట చెరిగిపోతే, ఆ రెండు పుటల కోసమే దూరంనుంచి అడిగిన పాఠకుడికి ఆ ప్రతినే పంపడం జరుగుతుంది.

ఇక అరువు సంగతి. గ్రంథాలయ వ్యవస్థలు అరువు గురించి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఐఎస్‌ఓ 10160, 10161 అనే ప్రమాణాలు ముందుగా ఉండేవి. అవి చాలా కట్టుదిట్టమైనవి: అడిగేవారి వైపు, ఇచ్చేవారి వైపు లావాదేవీ ఏ దశలో ఉంటే ఏ సందేశం చెల్లుతుందో పట్టికలు కట్టి మరీ నిర్దేశించాయి. ఇరువైపులా లెక్క ఒక్క దశ తప్పినా సందేశం చెల్లదు. దాని స్థానంలోకి 2014లో వచ్చిన ఐఎస్‌ఓ 18626 ఆ బరువును బాగా తగ్గించింది. అభ్యర్థన, ఇచ్చేవారి సందేశం, అడిగేవారి సందేశం అనే మూడు రకాలే అందులో ఉంటాయి, ప్రతిదానికీ అందినట్టు ఒక జవాబు. సందేశాలు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో వెబ్ మీదుగా నడుస్తాయి. ఇచ్చేవారి వైపునుంచి వచ్చే స్థితి సమాచారం దాదాపు మామూలు మాటల్లాగే ఉంటుంది: అందింది, ఇవ్వగలం, అరువు ఇచ్చాం, గడువు దాటింది, ఇవ్వలేం. సరళమైన ప్రమాణం అప్‌డేట్లను తట్టుకోవడంలో కూడా మెరుగ్గా ఉంటుంది, ఎందుకంటే రెండు వైపులూ ఒకే దశలో ఉన్నాయని పదేపదే రుజువు చేసుకోనవసరం లేదు. అయితే అన్ని గ్రంథాలయాలూ ఒకే రోజున పాతది వదిలి కొత్తదానికి రావు. కనుక కొన్నాళ్లపాటు రెండూ తెలిసిన మధ్యవర్తి వ్యవస్థ ఒకటి అనువాదకుడిలా నిలబడాలి, ఆ మధ్యవర్తిని కూడా ఎవరో ఒకరు అప్‌డేట్ చేస్తూ ఉండాలి. ఈ చివరి బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాసుకోని కూటములు తర్వాత చిక్కుల్లో పడతాయి.

దారిలో ఉన్న ఒక పుస్తకాన్ని దగ్గరగా చూస్తే విషయం బాగా తెలుస్తుంది. ఇచ్చే గ్రంథాలయం సోమవారం పుస్తకాన్ని పంపి ‘అరువు ఇచ్చాం’ అని సందేశం పెట్టింది. బుధవారం రాత్రి పుచ్చుకునే గ్రంథాలయంలో అప్‌డేట్ జరిగింది. గురువారం పుస్తకం చేరింది. ఆ పుస్తకం పుచ్చుకునే గ్రంథాలయపు సొంతం కాదు, కాబట్టి తమ పాఠకుడికి ఇవ్వడానికి సిబ్బంది తమ సర్క్యులేషన్‌లో దానికో తాత్కాలిక రికార్డు పుట్టిస్తారు. ఎన్‌సీఐపీ అనే ప్రమాణంలో దీనికోసం విడిగా ఒక సందేశమే ఉంది: వచ్చిన ప్రతిని స్వీకరించి, తాత్కాలిక రికార్డు తెరిచి, అడిగిన పాఠకుడి పేరిట నిలిపి ఉంచమని అది చెబుతుంది. ఈ తాత్కాలిక రికార్డు ప్రజలకు కనిపించే కేటలాగులోకి రాకూడదు, ఉమ్మడి కేటలాగుకు ఎగుమతి కాకూడదు. కొత్త వెర్షనులో ‘దాచి ఉంచు’ అనే గుర్తు వేరే ఫీల్డుకు మారి, పాత అమరిక ఆ కొత్త చోటుకు చేరలేదనుకుందాం. తెల్లారేసరికి ఆ పుస్తకం ఈ గ్రంథాలయపు సొంత ప్రతిగా ఉమ్మడి కేటలాగులో కనిపిస్తుంది. మూడో గ్రంథాలయం దాన్ని చూసి ఇక్కడికే అభ్యర్థన పంపుతుంది. తమది కాని పుస్తకాన్ని ఇమ్మని వచ్చిన అభ్యర్థనను చూసి కౌంటరులో ఉన్న ఉద్యోగి అయోమయంలో పడతాడు. ఒక్క గుర్తు స్థానం మారడం వల్ల మూడు సంస్థల పని చెదిరింది.

గడువు తేదీదీ అలాంటి సంగతే. పాత వెర్షను తేదీని మాత్రమే దాచి, కొత్త వెర్షను గంటా నిమిషాలతో సహా దాచడం మొదలుపెట్టిందనుకుంటే, పాత తేదీల పక్కన ఏ సమయం వేయాలన్నది ఒక నిర్ణయం. రాత్రి 11:59 అని వేస్తే ఎవరికీ తేడా తెలియదు. సున్నా గంటలని వేస్తే, ఆ రోజు సాయంత్రం లోపు తిరిగి ఇవ్వవలసిన పుస్తకాలన్నీ తెల్లవారకముందే గడువు దాటినట్టు లెక్కలోకి వస్తాయి, వాటికి సంబంధించిన హెచ్చరికలు పాఠకులకు, భాగస్వామ్య గ్రంథాలయాలకు వరదలా వెళతాయి. అందుకే అనుభవమున్న నిర్వాహకులు అప్‌డేట్ రాత్రి బయటికి వెళ్లే ఉత్తరాల వరుసను ఆపి ఉంచి, మర్నాడు పంపబోయేవాటిని కళ్లతో చూశాకే వదులుతారు.

పుస్తకాలు తిరిగి తీసుకునే స్వయంసేవా యంత్రాల సంగతి కూడా ఇందులో భాగమే. 3ఎమ్ సంస్థ 1990లలో రూపొందించిన సిప్, ఆ తర్వాత వచ్చిన సిప్2 ప్రమాణాలతో ఈ యంత్రాలు సర్క్యులేషన్ వ్యవస్థతో మాట్లాడతాయి. పుస్తకం లోపల వేయగానే 09 అనే సందేశం వెళుతుంది, జవాబుగా 10 వస్తుంది. ఆ జవాబులో ఈ పుస్తకాన్ని ఎక్కడికి పంపాలో చెప్పే ఒక రెండంకెల సంకేతం ఉంటుంది: 01 అయితే ఇక్కడే మరో పాఠకుడు ఎదురుచూస్తున్నాడని, 03 అయితే ఇంటర్ లైబ్రరీ లోన్ కోసమని, 04 అయితే మరో శాఖకు పంపాలని. ఆ సంకేతాన్ని చూసే యంత్రం పుస్తకాన్ని తగిన డబ్బాలోకి నెడుతుంది. కొత్త వెర్షను 03 పంపవలసిన చోట 04 పంపితే తెరమీద ఏ లోపమూ కనిపించదు, ఎవరికీ ఫిర్యాదు రాదు. వేరే ఊరి గ్రంథాలయానికి తిరిగి వెళ్లవలసిన పుస్తకాలు మాత్రం శాఖల డబ్బాలో పోగవుతాయి. ఇలాంటి చోట పరీక్ష అంటే అసలైన పుస్తకాన్ని అసలైన యంత్రంలో వేసి, అది ఏ డబ్బాలో పడిందో చూడడమే. సిప్2 సందేశాలు వాటంతటవి గుప్తలిపిలో వెళ్లవు, పాఠకుడి కార్డు సంఖ్య, రహస్య సంఖ్య సాదా అక్షరాలుగానే వెళతాయి. వాటి చుట్టూ కట్టిన రక్షణ సొరంగం అప్‌డేట్ తర్వాత మళ్లీ లేచిందో లేదో చూడకపోతే, పని నడుస్తుంది గానీ రక్షణ ఉండదు.

అప్‌డేట్ బెడిసికొడితే పాతదానికి వెనక్కి వెళ్లిపోదాం అన్న ధైర్యం ఈ వ్యవస్థల్లో పరిమితంగానే చెల్లుతుంది. కొత్త వెర్షను డేటాబేసులోని పట్టికల రూపాన్నే మారుస్తుంది. మార్చినదాన్ని తిరిగి పాత రూపానికి దించే దారి సాధారణంగా ఉండదు, ఉన్నది అప్‌డేట్‌కు ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే. తలుపులు తెరిచి మొదటి పుస్తకం ఇచ్చేశాక ఆ బ్యాకప్‌కు వెళ్లడమంటే, ఈ మధ్యలో జరిగిన ఇచ్చిపుచ్చుకోవడాలన్నిటినీ మరిచిపోవడమే. ఒంటరి గ్రంథాలయానికి ఆ గడువు ఉదయం కౌంటరు తెరిచేదాకా ఉంటుంది. ఉమ్మడి వ్యవస్థలో అంత వ్యవధి కూడా దొరకదు. అర్ధరాత్రి వేరే గ్రంథాలయం పంపిన అభ్యర్థన లోపలికి వచ్చి, దానికి యంత్రమే ‘అందింది’ అని జవాబిచ్చేస్తే, బ్యాకప్‌కు వెళ్లిన తర్వాత ఆ అభ్యర్థన మన దగ్గర ఉండదు, అవతలివారి దగ్గర మాత్రం మనం ఒప్పుకున్నట్టు ఉంటుంది. కాబట్టి పరీక్షలు ముగిసేదాకా పాఠకుల తలుపుతోపాటు భాగస్వాముల తలుపునూ మూసి ఉంచాలి, వచ్చే సందేశాలను బయటి వరుసలోనే నిలపాలి.

అలా మూయడానికి కూడా ఒక మర్యాద ఉంది. అభ్యర్థన సాధారణంగా కొన్ని గ్రంథాలయాల వరుసతో బయలుదేరుతుంది. మొదటివారు నిర్ణీత రోజుల్లో జవాబివ్వకపోతే తర్వాతివారికి దానంతటదే వెళుతుంది. అప్‌డేట్ కోసం మూడు రోజులు మూతపడబోయే గ్రంథాలయం ఆ సంగతి ముందే ప్రకటించి, తాత్కాలికంగా ఇవ్వలేని స్థితిలో ఉన్నట్టు గుర్తు పెట్టుకుంటే, అభ్యర్థనలు తనను దాటి నేరుగా తర్వాతివారికి వెళతాయి. గుర్తు పెట్టకపోతే ప్రతి అభ్యర్థనా ఆ మూడు రోజులూ ఊరికే కూర్చుంటుంది. తిరిగి తెరిచాక ఆ గుర్తు తీయడం మరిచిపోవడం కూడా అంతే సాధారణం. ఆ గ్రంథాలయానికి అభ్యర్థనలు రాకుండా పోతాయి, పని లేదు కాబట్టి ఎవరూ గమనించరు.

ఎప్పుడు అప్‌డేట్ చేయాలన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నది సాఫ్ట్‌వేర్‌నుబట్టి మారుతుంది. కోహా ఏటా మే, నవంబరు నెలల్లో కొత్త వెర్షను విడుదల చేస్తుంది, ఆ సంఖ్యే కాలాన్ని చెబుతుంది: 24.05 అంటే 2024 మే. మధ్యలో నెలనెలా దిద్దుబాట్లు వస్తాయి. ఫోలియో అనే మరో ఉమ్మడి ప్రాజెక్టు తన వెర్షన్లకు అక్షరక్రమంలో పువ్వుల పేర్లు పెడుతుంది. అందులో ప్రతి మాడ్యూలూ తానేమి అందిస్తుందో, తనకు ఇతర మాడ్యూళ్ల నుంచి ఏ వెర్షను కావాలో ముందే ప్రకటిస్తుంది, పొసగనివి కలిస్తే అక్కడే ఆగిపోతుంది. ఉమ్మడి వాడకానికి ఇది ఎంతో ఉపకరించే క్రమశిక్షణ. కంపెనీ తన సర్వర్ల మీద నడిపే వ్యవస్థల్లో తేదీ కంపెనీదే. గ్రంథాలయానికి మిగిలేది పరీక్షా సర్వరు మీద ముందుగా చూసుకునే కొద్ది రోజుల వ్యవధి. సొంత సర్వరు మీద నడిపేవారికి తేదీ తమ చేతిలోనే ఉంటుంది, దానితోపాటు ఆలస్యం చేసే అవకాశమూ తమ చేతిలోనే ఉంటుంది. ఒక వెర్షను వదిలేసి తర్వాతిది వేద్దామనుకుంటూ నాలుగైదు వెర్షన్లు వెనకబడ్డాక, అన్నిటినీ ఒకేసారి దాటడం అసలు భయపడ్డ పనికంటే ఎన్నో రెట్లు కష్టమవుతుంది.

ఆలస్యానికి చెల్లించవలసిన మూల్యం ఎంతో 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద జరిగిన సైబర్ దాడి చూపించింది. ప్రధాన కేటలాగు తిరిగి వెతకడానికి వీలుగా అందుబాటులోకి వచ్చింది 2024 జనవరి 15న. ఆ మార్చిలో సంస్థ స్వయంగా వెలువరించిన నివేదిక, పాతబడిన వ్యవస్థల మీద ఆధారపడడం దాడి నష్టాన్ని పెంచిందని, కోలుకోవడాన్ని ఆలస్యం చేసిందని దాపరికం లేకుండా ఒప్పుకుంది. తన లోపాలను అంత బాహాటంగా రాసి ఇతర గ్రంథాలయాలకు పాఠంగా అందించడం గొప్ప సేవ. పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త యంత్రాల మీద తిరిగి నిలబెట్టడం ఒక్కోసారి సాధ్యమే కాదన్నది ఆ అనుభవంలోంచి ప్రతి గ్రంథాలయమూ తీసుకోదగిన సంగతి.

అందువల్ల అప్‌డేట్‌ను వాయిదా వేయాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు, దేనితో పాటు చేయాలన్నదే ప్రశ్న. అప్‌డేట్‌కు ముందురోజు దారిలో ఉన్న అరువులన్నిటి జాబితా ఒకటి ముద్రించి పెట్టుకోవడం ఉపయోగకరమైన పద్ధతి: అభ్యర్థన సంఖ్య, అవతలి గ్రంథాలయం, ప్రస్తుత స్థితి, గడువు తేదీ. అప్‌డేట్ అయిన ఉదయం ఆ జాబితాలోని స్థితిని కొత్త తెరమీది స్థితితో పోల్చి చూడాలి. తేడా ఉన్న ప్రతిదాన్నీ అవతలివారితో ఫోనులో మాట్లాడి సరిచేసుకోవాలి. అనువాదం పూర్తికాని కొత్త బొత్తాలు ఇంగ్లీషులో కనిపించవచ్చు కాబట్టి, కౌంటరు సిబ్బందికి వాటి అర్థాన్ని ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ తర్వాత జాబితాను బల్ల మీదే ఉంచి, పుస్తకాలు ఒక్కొక్కటిగా తమ సొంత అల్మారాకు చేరినట్టు సందేశం వచ్చినప్పుడల్లా ఆ వరుసను కొట్టివేస్తూ పోవాలి. చివరి వరుస కొట్టివేసేసరికి నెలో, నెలన్నరో పడుతుంది. అప్‌డేట్ పూర్తయిందని రిజిస్టరులో రాయవలసిన తేదీ అది.